కొండ మీది గ్రీకు పల్లెలో వారం రోజులు - ప్లాను మీ చేతుల్లోనే ఉండాలి!

గ్రీసు అనగానే మనందరికీ క్యాలెండర్ల మీద చూసిన బొమ్మే గుర్తొస్తుంది. నీలి సముద్రం, సున్నం వేసిన తెల్లటి ఇళ్ళు, నీలం గుమ్మటాలు. మీ అబ్బాయో అమ్మాయో జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగం చేస్తుంటే, "అమ్మా, ఈసారి మీరొచ్చినప్పుడు గ్రీకు దీవికి పోదాం. హోటల్ వద్దు, కొండ మీద ఇల్లు అద్దెకు తీసుకుందాం" అని ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటారు. ఫోనులో ఫోటోలు చూపిస్తారు. గోడ మీదికి పాకిన కాగితం పూల తీగ, వెనక లోయ, దూరంగా సముద్రం. మీవారు ధర చూసి, "హోటల్ కన్నా చవకే. పైగా వంటిల్లు కూడా ఉందిట!" అంటారు. ఇంకేం, ఇల్లు ఖాయం!

ఆ "వంటిల్లు కూడా ఉందిట" దగ్గరే మీరు కాస్త ఆగాలి. అక్కడ వంట చేసేది ఎవరు?

ఫోటోలో కనిపించని సంగతులు ఇంకా చాలా ఉన్నాయి. వీధి నుంచి గుమ్మానికి మెట్లెన్ని? తాగే నీళ్ళు ఎక్కడివి? పాలు, కూరలు దొరికే కొట్టు ఎంత దూరం? ఆఖరి బస్సు ఎన్నింటికి? కొండపల్లెలో వారం రోజులు హాయిగా గడవడం, గడవకపోవడం వీటి మీదే ఆధారపడి ఉంటుంది. ఇలాంటివి ఇల్లు నడిపే మనకే ముందు తడతాయి. అందుకని టిక్కెట్లు పిల్లలు కొంటే కొననివ్వండి, ప్లాను మాత్రం మీరే వెయ్యండి. ఏయే సంగతులు చూసుకోవాలో నాక్సోస్ దీవిని ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

ముందు ఊరు ఎంచుకోండి

ఈజియన్ సముద్రంలోని సైక్లడీస్ దీవుల్లోకెల్లా పెద్దది నాక్సోస్. మిగతా దీవులు చాలావరకు రాళ్ళూ రప్పలూ అయితే, ఇక్కడ పొలాలు, ఆలివ్ తోటలు, ఆవులు, మేకలు ఉన్నాయి. నాక్సోస్ బంగాళాదుంపలకు, గ్రావియేరా అనే గట్టి చీజ్‌కు గ్రీసంతటా పేరు. దీవి మధ్యలో వెయ్యి మీటర్లకు కాస్త పైబడిన జాస్ కొండ ఉంది. గ్రీకుల దేవరాజు జ్యూస్ చిన్నతనంలో ఈ దీవిలోనే పెరిగాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

ఓడ ఆగే రేవు పట్నం పేరు హోరా. అక్కడి నుంచి బస్సులో కొండల్లోకి వెళితే మూడు పల్లెలు వరసగా వస్తాయి. మొదటిది హల్కి, ఆలివ్ తోటల మధ్య లోయలో ఉంటుంది. మెట్లు తక్కువ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు సుఖం. తరువాత ఫిలోటి. జాస్ కొండ వాలు మీద అంచెలంచెలుగా కట్టిన పెద్ద పల్లె. కూడలిలో పెద్ద చెట్టు, దాని నీడన కాఫీ దుకాణాలు, దగ్గరలోనే కొట్లు, బస్సు. మూడోది అపీరాంథోస్. ఇంకా ఎత్తున, సుమారు 600 మీటర్ల మీద ఉంటుంది. సందులన్నీ పాలరాయి పరిచినవే. చూడటానికి ఎంత ముచ్చటగా ఉంటుందో, అరిగి నునుపెక్కిన ఆ రాళ్ళ మీద మామూలు చెప్పులతో నడవడం అంత కష్టం. ఇళ్ళ దాకా కార్లు పోవు. సామాను మోసుకుంటూ మెట్లెక్కాల్సిందే.

ఈ అపీరాంథోస్‌కు ఓ చరిత్ర ఉంది. 1941 మే 30 రాత్రి ఏథెన్స్‌లోని అక్రోపోలిస్ మీద నాజీలు ఎగరేసిన జెండాను ఇద్దరు కుర్రాళ్ళు ప్రాణాలకు తెగించి దించేశారు. వారిలో ఒకరైన మనోలిస్ గ్లెజోస్ పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆయన 2020లో కన్నుమూశారు. చుట్టుపక్కల కొండల్లో ఎమరీ గనులున్నాయి. మన ఇళ్ళల్లో తుప్పు గీకడానికి వాడే ఎమరీ కాగితం ఉంది చూడండి, దానికి ఆ పేరు తెచ్చిన రాయి ఇదే. మగ్గం మీద నేత నేసే ఆడవాళ్ళు ఈ ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళు నేసిన చిన్న గుడ్డ ముక్క కొనుక్కుంటే ఏ ప్లాస్టిక్ బొమ్మకన్నా మంచి జ్ఞాపకం.

అరవై దాటిన అత్తగారో, మోకాళ్ళు అరిగిన మీవారో వెంట ఉంటే ఫిలోటిలోగాని హల్కిలోగాని బస చేసి, అపీరాంథోస్‌ను ఓ పగలు చూసి రండి. ఇంట్లో అందరూ అలిపిరి మెట్లు నవ్వుతూ ఎక్కేవాళ్ళయితే అపీరాంథోస్‌లోనే ఉండండి.

ఎప్పుడు వెళ్ళాలి?

మే, జూన్, సెప్టెంబరు నెలలు మేలు. జూలై, ఆగస్టుల్లో ఎండా ఎక్కువే, రద్దీ ఎక్కువే, ధరలూ ఎక్కువే. ఆ రెండు నెలల్లో ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి రోజుల తరబడి బలంగా వీస్తుంది. ఆగస్టు 15న మేరీమాత పండుగకు ఫిలోటిలో పెద్ద తిరునాళ్ళు జరుగుతుంది. రాత్రంతా పాటలు, ఆటలు. చూడాలని సరదా ఉంటే నెలల ముందే ఇల్లు మాట్లాడుకోవాలి. నిద్ర ముఖ్యమనుకుంటే ఆ వారం వెళ్ళకండి. నవంబరు నుంచి మార్చి దాకా చలి, వాన. చాలా హోటళ్ళు మూసేస్తారు.

కాగితాల పని

గ్రీసు షెంగెన్ దేశం. మన పాస్‌పోర్టుతో వెళ్ళాలంటే షెంగెన్ వీసా కావాలి. జర్మనీలో పిల్లల దగ్గర ఎక్కువ రోజులు ఉండి, గ్రీసుకు వారం పోయి వచ్చేటట్లయితే వీసా జర్మనీకే పెట్టుకోవాలి. అదే వీసా గ్రీసుకూ చెల్లుతుంది. ఒకసారి ప్రయాణం మొదలెట్టాక ఏ 180 రోజుల్లో చూసుకున్నా 90 రోజులకు మించి ఉండకూడదు. పిల్లలు లండన్‌లోనో అమెరికాలోనో ఉంటే ఆ వీసా ఇక్కడ పనికిరాదు, షెంగెన్ వీసా విడిగా తీసుకోవాల్సిందే.

పెద్దవాళ్ళకు వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ఆఖరి పదిహేను రోజుల దాకా ఆగితే కుదరదు. వైద్య ఖర్చులకు కనీసం 30,000 యూరోల బీమా ఉండాలి. మీరు షెంగెన్ దేశాలు వదిలే తేదీ తరువాత కూడా పాస్‌పోర్టుకు మూడు నెలల గడువు ఉండాలి. వీసా చేతికొచ్చేదాకా డబ్బు వెనక్కి రాని ఇంటికి అడ్వాన్సు కట్టకండి.

అక్కడ కారు అద్దెకు తీసుకోవాలనుకుంటే మన లైసెన్సు ఒక్కటే చాలదు. ఇక్కడ ఆర్.టి.ఏ. ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళ్ళండి. యూరప్ లైసెన్సున్న పిల్లలకు ఆ బెడద లేదు.

ఓడ ప్రయాణం

ఏథెన్స్ విమానాశ్రయం నుంచి పిరేయస్ రేవుకు 2022 అక్టోబరు నుంచి మెట్రో రైలు నేరుగా వెళ్తోంది. సుమారు గంట ప్రయాణం. పిరేయస్ నుంచి నాక్సోస్‌కు పెద్ద ఓడలో ఐదు గంటల పైచిలుకు, వేగంగా పోయే ఓడలో మూడున్నర నాలుగు గంటలు పడుతుంది. పడవెక్కితే కడుపులో తిప్పేవాళ్ళు పెద్ద ఓడే ఎక్కండి. అది కుదుపు తక్కువ, టిక్కెట్టూ చవక. సామాను కింది అంతస్తులోని అరల్లో పెట్టి పైకి వెళ్ళమంటారు. డబ్బు, కాగితాలు, మందులు చేతిసంచీలో పెట్టుకోండి. దీవి దగ్గర ఓడ కొద్ది నిమిషాలే ఆగుతుంది, కాబట్టి మైకులో నాక్సోస్ అని వినగానే కిందికి దిగి సిద్ధంగా ఉండాలి.

గాలి మరీ ఎక్కువైతే ఓడలు ఆపేస్తారు. తిరుగు ప్రయాణంలో ఓడ దిగిన రోజే విమానం పెట్టుకున్నారా, చిక్కుల్లో పడ్డట్టే. ఆఖరి రాత్రి ఏథెన్స్‌లో ఉండేట్టు చూసుకోండి. అక్రోపోలిస్ కూడా చూసినట్టవుతుంది.

ఇల్లు ఖాయం చేసే ముందు అడగాల్సినవి

ఇంటివాళ్ళకు ఉత్తరం రాసేటప్పుడు మొహమాటపడకండి. ఈ ప్రశ్నలకు జవాబు రాతలో తెప్పించుకోండి.

కారు ఆగే చోటు నుంచి గుమ్మానికి మెట్లెన్ని? "కాస్త నడవాలి" అంటే ఒప్పుకోవద్దు, లెక్క అడగండి. ఇంటి లోపల కూడా పడకగదికి నిచ్చెన లాంటి మెట్లుంటాయి. స్నానాల గది కింద, మంచాలు పైన అయితే రాత్రిపూట పెద్దవాళ్ళకు ఇబ్బంది.

తాగే నీళ్ళ సంగతేమిటి? దీవుల్లో నీటికి ఎప్పుడూ కటకటే. 2024 వేసవిలో నాక్సోస్ జలాశయాలు ఎండిపోయి, సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే యంత్రాలు తెప్పించుకోవాల్సి వచ్చింది. కాబట్టి తాగడానికి సీసా నీళ్ళు కొనాలా అని ముందే అడగండి. ఆ సీసాల పెట్టెలు మెట్ల మీదుగా మోసేదెవరో కూడా ఇంట్లో తేల్చుకోండి! కొళాయి కట్టకుండా గిన్నెలు తోమడం లాంటివి అక్కడ చెయ్యకూడదు.

పొయ్యి ఎలాంటిది? చాలా ఇళ్ళల్లో కరెంటు పొయ్యి ఉంటుంది. ఇండక్షన్ అయితే మన అల్యూమినియం కుక్కరు పనిచేయదు. అవెన్ ఉందా, ఫ్రిజ్ ఎంత పెద్దది, బట్టలుతికే యంత్రం ఉందా అడగండి.

కొట్టు, రొట్టెల దుకాణం, బస్సు ఆగే చోటు ఎంత దూరం? ఎన్ని నిమిషాల నడక? తిరిగి వచ్చేటప్పుడు ఎక్కుడా, దిగుడా?

ఆ ఇంటికి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? రోజుల లెక్కన అద్దెకిచ్చే ఇళ్ళకు గ్రీసులో ఏ.ఎమ్.ఏ. అనే నంబరు ఇస్తారు, ప్రకటనలోనే అది కనిపించాలి. అద్దె కాక రాత్రికి ఇంత అని పన్ను కూడా కట్టాలి. 2025 నుంచి ఏప్రిల్-అక్టోబరు నెలల మధ్య మామూలు ఫ్లాటుకు రాత్రికి 8 యూరోలు, 80 చదరపు మీటర్లు దాటిన విడి ఇంటికి 15 యూరోలు. ఇది అద్దెలో కలిసి ఉందో లేదో అడిగితే చివర్లో వాదన ఉండదు.

ఇంకో సంగతి. అక్కడ మురుగు గొట్టాలు సన్నవి. మరుగుదొడ్డిలో కాగితం వెయ్యకూడదు, పక్కనున్న బుట్టలో వెయ్యాలి. నీళ్ళు వాడే మనవాళ్ళు ఓ చిన్న మగ్గు సంచీలో పెట్టుకుంటే నిశ్చింత.

సంచీలో ఏం పెట్టుకోవాలి, ఏం పెట్టుకోకూడదు?

మన దేశం నుంచి నేరుగా వెళ్ళేవాళ్ళు నెయ్యి డబ్బా, పాలకోవా, పనీరు, మాంసం పచ్చళ్ళు తీసుకెళ్ళకూడదు. పాలతో, మాంసంతో చేసినవి యూరప్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి, మామిడిపళ్ళు కూడా అధికారుల ధ్రువపత్రం లేకుండా కుదరదు. ఆవకాయ, కందిపొడి, చింతపండు, ఇంగువ, పోపు డబ్బా నిక్షేపంగా తీసుకెళ్ళచ్చు. సీసాలు కారకుండా రెండేసి కవర్లు చుట్టండి.

మందులకు డాక్టరు చీటీ వెంట ఉండాలి. కొడీన్ కలిసిన దగ్గు మందులు, నొప్పి మాత్రలు గ్రీసులో కట్టడి ఉన్న మందులు, చీటీ లేకుండా పెట్టుకోకండి. ఆపదొస్తే ఫోను చెయ్యాల్సిన నంబరు 112.

రబ్బరు అడుగున్న బూట్లు తప్పనిసరి. కొండ మీద సాయంత్రాలు చల్లగా ఉంటాయి, శాలువా ఉంచుకోండి. చర్చిలకు వెళ్ళేటప్పుడు భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి. చీరకూ చుడీదారుకూ ఏ అభ్యంతరం ఉండదు. అక్కడి ప్లగ్గులకు రెండు గుండ్రటి పుల్లలుంటాయి. మన మూడు పుల్లల సామానుకు అడాప్టరు కావాలి.

ఏం తినాలి?

శాకాహారులు భయపడాల్సిన పనిలేదు. గ్రీకులు ఉపవాసాలు ఎక్కువగా చేస్తారు. ఈస్టర్‌కు ముందు, ఆగస్టు 1 నుంచి 14 దాకా మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు. ఆ ఉపవాసపు వంటను నిస్తీసిమో అంటారు. అయితే ఒక్క జాగ్రత్త! వాళ్ళ లెక్కలో రొయ్యలు, ఆక్టోపస్ లాంటివి ఉపవాసానికి అడ్డు కావు. కాబట్టి నిస్తీసిమో అన్నారని కళ్ళు మూసుకుని తినకండి. "హోరిస్ క్రేఅస్" అంటే మాంసం లేకుండా, "హోరిస్ ప్సారి" అంటే చేప లేకుండా, "హోరిస్ అవ్గో" అంటే గుడ్డు లేకుండా. ఈ మూడూ చీటీ మీద గ్రీకులో రాయించుకుని చూపించండి. అక్కడ "నే" అంటే అవును, "ఓహి" అంటే కాదు. తల పైకి ఎగరేస్తే కాదని అర్థం!

ఫావా అడిగితే పసుపుపచ్చ పప్పు మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె, ఉల్లిపాయలు వేసి తెస్తారు. మన ముద్దపప్పుకు దూరపు చుట్టం. గిగాంతెస్ అంటే పెద్ద చిక్కుడు గింజలు టమాటా గుజ్జులో కాల్చినవి. హోర్తా అంటే ఉడికించిన ఆకుకూర, నిమ్మకాయ పిండి ఇస్తారు. గెమిస్తా అంటే టమాటా, క్యాప్సికం డొప్పల్లో బియ్యం కూరినది. కొన్నిచోట్ల ఖీమా కూడా కలుపుతారు, అడిగి తీసుకోండి. చీజ్‌లో దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్ వాడటం మామూలే, శుద్ధ శాకాహారులు గమనించాలి.

హల్కిలో 1896 నాటి సారా బట్టీ ఒకటి ఉంది. మాదీఫలం చెట్టు ఆకులతో కిత్రో అనే మద్యం తీస్తారు. తాగకపోయినా ఆ పాత రాగి బానలు చూడచ్చు. మాదీఫలం తొక్కలను వాళ్ళు పాకంలో ఊరబెడతారు. ఇంటికొచ్చిన అతిథికి చిన్న పళ్ళెంలో ఆ తీపి, చెంచా, గ్లాసుడు చల్లటి మంచినీళ్ళు పెడతారు. వచ్చినవాళ్ళకు బెల్లం ముక్క, మంచినీళ్ళు ఇచ్చే మన పాత అలవాటులాంటిదే.

మరి వంట ఎవరు చేస్తారు?

వారానికి ఇరవై ఒక్క పూటలు. ఇంటి నుంచి కదలకముందే, అందరూ కూర్చున్నప్పుడు కాగితం మీద రాయండి. ఉదయం ఏడు పూటలూ పొయ్యి వెలిగించద్దు. రొట్టె, చిక్కటి పెరుగు, తేనె, పళ్ళు. ఎవరిది వాళ్ళు పెట్టుకోవాలి. మధ్యాహ్నాలు ఊళ్ళోని పూటకూళ్ళ ఇంట్లో తినండి, వాటిని తవెర్నా అంటారు. మిగిలినవి ఏడు రాత్రులు. ఒకటి ఏథెన్స్‌లో బయట. రెండు రాత్రులు అన్నం, ఆవకాయ, ఆ చిక్కటి పెరుగులో నీళ్ళు కలిపి పెరుగన్నం. ఒక రాత్రి నాక్సోస్ బంగాళాదుంపల వేపుడు, అది మీవారు చెయ్యాలి. ఒక రాత్రి పిల్లల వంతు. ఒక రాత్రి బ్రియామ్. ఒక రాత్రి బయట. గిన్నెలు ఎవరు కడగాలో కూడా పేర్లు రాయండి. ఎవరికైనా ఈ లెక్క నచ్చకపోతే బయట తినడానికి డబ్బు పెంచాలి, అంతేగాని మీ పూటలు పెంచకూడదు. "ఒక్క చారు పెట్టెయ్యరాదూ" అనే మాట అక్కడ మొదలైందంటే మీ సెలవు అయిపోయినట్టే సుమా!

బ్రియామ్ చెయ్యడం చాలా తేలిక. రెండు బంగాళాదుంపలు, రెండు వంకాయలు, రెండు జుకినీలు, రెండు ఉల్లిపాయలు, నాలుగు టమాటాలు చక్రాలుగా తరిగి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు, ఎండు ఒరెగానో, అర కప్పు ఆలివ్ నూనె, కాసిని నీళ్ళు కలిపి పళ్ళెంలో సర్దండి. 180 డిగ్రీల వేడిలో గంటా పావుగంట అవెన్‌లో ఉంచండి. మధ్యలో ఒక్కసారి కలపండి. ఆ గంటా మీరు అరుగు మీద కూర్చోవచ్చు.

ఊరి గడియారం ప్రకారం నడవండి

మధ్యాహ్నం సుమారు మూడు నుంచి ఐదున్నర దాకా పల్లె నిద్రపోతుంది. కొట్లు మూస్తారు, గట్టిగా మాట్లాడరు. మీరూ పడుకోండి. ఆదివారం చాలా దుకాణాలు ఉండవు, బస్సులూ తగ్గుతాయి. సరుకులు శనివారమే తెచ్చుకోండి. బస్సు వేళలు సీజనుతో మారతాయి, దిగిన రోజే హోరా బస్టాండులో పట్టిక ఫోటో తీసుకోండి.

రోజుకు ఒక్క చోటే పెట్టుకోండి. ఒకరోజు హోరా రేవు పక్కన సముద్రంలోకి నిలబడ్డ పాలరాతి ద్వారం. క్రీస్తు పూర్వం సుమారు 530లో మొదలెట్టి పూర్తి చెయ్యని గుడిది అది. సూర్యాస్తమయానికి అక్కడుండండి. ఒకరోజు సాంగ్రి దగ్గర ధాన్యదేవత దెమెతెర్ గుడి. మన అన్నపూర్ణలాంటి తల్లి కాబట్టి, చుట్టూ పొలాలే. ఒకరోజు అపీరాంథోస్ సందులు, మగ్గాలు. కాళ్ళు గట్టివాళ్ళు ఓ ఉదయం జాస్ కొండ ఎక్కితే, మిగిలినవాళ్ళు ఫిలోటి చెట్టు కింద కాఫీ తాగచ్చు. ఒక్క కాఫీతో గంటలు కూర్చున్నా అక్కడెవరూ లెమ్మనరు. ఒకరోజు సముద్రం. కొండ నుంచి దిగి ఎక్కాలి కాబట్టి ఆఖరి బస్సు చూసుకోండి. ఇంకో రోజు ఏమీ పెట్టుకోకండి.

ఇప్పుడు ఓ తెల్లకాగితం తీసుకుని ఇంటివాళ్ళకు రాయాల్సిన ప్రశ్నలు ఒకవైపు, ఇరవై ఒక్క పూటల లెక్క రెండోవైపు రాయండి. ఇంట్లో అందరికీ చదివి వినిపించి, అందరూ సరేనన్నాకే అడ్వాన్సు పంపండి.